జిమ్ముకు పోయిన నాట్ల జోడి

నడుసుడు నాకు ఎన్నడూ కష్టం గాలే. ఏడికీ చేరకుంట నడుసుడే కష్టమైంది. గౌడవెల్లిల ఉన్నన్ని దినాలు పొద్దుగాల సద్ది కట్టుకొని పొలం పోయి, పొద్దుగూకంగ గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఇంటికొచ్చేదాన్ని. ఆ నడకకు ఒక కొస ఉండేది, ఆ కొసకు ఒక పని ఉండేది. మేడ్చల్‌కొచ్చినంక నన్నొక నల్లపట్టా మీద నిలబెట్టి, మీట నొక్కి, నడువుమన్నరు. చెమటలు కారంగ నడిచిన. దిగి చూస్తె ఎక్కిన తాన్నే ఉన్న. గీ సంబురానికా నేను ఇంటి పని ఇడిచిపెట్టి వచ్చింది అని నాకు ఒళ్లు మండింది.

అసలు సంగతి ఏందంటె, మా పొలం ప్లాట్లు కొట్టే వెంచరోళ్లకు పోయింది. మాదేం పెద్ద భూమి గాదు. రోడ్డుకు దగ్గర ఉండెవరకు అడిగెటోళ్లు ఎక్కువైన్రు, మా ఇంటాయన ఎన్ని దినాలని కాదంటడు. మేడ్చల్ల ఇల్లు కట్టిండు, తను ప్లాట్లు చూపెట్టే పనిల పడ్డడు, నేను సోఫల పడ్డ. కొత్తింట్ల అన్నీ చేతికి అందేటట్టే ఉన్నయి. నీళ్లకు వంగే పని లేదు, పొయ్యి ఊదే పని లేదు. కొన్నేండ్లు గడిచెవరకు షుగరొచ్చింది, మోకాళ్లు పట్టుకున్నయి, కింద కూసుంటె లేవనీకి గోడను బతిమాలుకునే కాలమొచ్చింది. శామీర్‌పేట తొవ్వల ఉన్న దవాఖాన్ల డాక్టరమ్మ నన్ను కిందికి మీదికి చూసి, నడువన్న నడువు, జిమ్ముకన్న పో అన్నది. జిమ్మంటె పహిల్వాన్లు పోయేది గాదా అని అడిగిన. ఆమె నవ్వలే, పో అన్నది అంతే.

జిమ్ము మా ఇంటికి దగ్గరనే, మెయిన్ రోడ్డు మీద ఇనుప సామాన్ల దుకాణం పైన. పొద్దుగాల మొగోళ్లు పోయినంక, పిల్లలు బడికి పోయి ఇల్లు సల్లబడే యాళ్లకు ఆడోళ్ల బ్యాచి. నేర్పే మేడం కుత్బుల్లాపూర్‌కెల్లి స్కూటీ మీద వస్తది, మంచి మనిషే, కని తొందరెక్కువ. లోపల నాలుగు దిక్కుల అద్దాలు. నా బతుకుల నన్ను నేను పాదంకెల్లి నెత్తిదాంక అన్ని దిక్కుల నుంచి ఎన్నడు చూసుకోలే, చూసుకోవాలని గూడ అనుకోలే. పాటలేమో చెవులు పలిగిపోయేటట్టు. గా మోతల గూడ ఒక్కొక్కామె చెవులల్ల ఇంకో పాట పెట్టుకొని, పక్కన మనిషి ఉన్నదా సచ్చిందా అని చూడకుంట నడుస్తాంది. నేను పలకరిస్తె ఒకామె చెవుల పుల్ల తీసి ‘క్యా?’ అన్నది. ఏం లేదమ్మా, నడువు అన్న.

కొన్ని దినాలు పోయిన, కొన్ని దినాలు ఎగ్గొట్టిన, ఇగ ఎగ్గొట్టుడే అలవాటైంది. పొద్దుగాల లేస్తనే ఒక సాకు తయారుగ ఉండేది. ఇయ్యాల నల్లా వస్తది, ఇయ్యాల సుట్టాలొస్తరు, ఇయ్యాల మబ్బున్నది. మా ఇంటాయన ఎత్తిపొడుస్తుండె, జిమ్ము నీకోసమే గాదు, నీ సాకుల కోసం గూడ ఒకటి పెట్టాలె అని. నాకు తెలుసు, నా పానం కోసమే పోవాలె. కని నా ఒక్కదాని పానం కోసం నేను ఎన్నడు ఏ పని చేసినదాన్ని? అట్ల చేసుడు నాకు రాలే.

అప్పుడు మా ఆపా వచ్చింది.

ఆమెను చెప్పకుంట నా ముచ్చట ముందలికి పోదు. ఆమెది మా ఊరే, తురుకోళ్ల ఇల్లు. మా మడికి వాళ్ల మడికి నడుమ ఒక్కటే గెట్టు. నేను కాపురానికొచ్చిన ఏడాదే నాట్లల్ల నన్ను పక్కన నిలబెట్టుకొని, నారు కట్ట ఎట్ల ఇప్పాలె, ఏలు ఎంత లోతుకు దింపాలె అని చూపెట్టింది ఆమెనే. నాకంటె జర పెద్దది. నేను అక్క లెక్క ఆపా అంట, ఆమె నన్ను పోరీ అంటది. నాకు మనుమడు పుట్టినా నేను ఆమెకు పోరినే. ఇంట్ల వాళ్లది దక్ఖిని, నా తోటి తెలుగు, కోపమొస్తె రెండు కలిపి. వాళ్ల పొలం గూడ మా ఎన్కనే పోయింది, కని వాళ్లు ఊర్లెనే ఉన్నరు. కొడుకు బైకు మీద ఫ్యాక్టరీకి పోయొస్తడు.

ఆ దినం ఏదో పని మీద మేడ్చల్‌కొచ్చి మా ఇంట్ల చాయ తాగుకుంట, ఏంది పోరీ గిట్ల ఉబ్బినవ్ అన్నది. నేను నా గోస అంత చెప్పిన. జిమ్ము, అద్దాలు, చెవుల పుల్లలు, ఏడికీ చేరని నడక. ఆమెకు బీపీ, ఆమెను గూడ నడువుమన్నరట, ఆమె గూడ నడుస్తలేదు. అంత ఇన్నంక గిలాస కింద పెట్టి అడిగింది.

‘ఎవలతోని పోతున్నవ్?’

ఒక్కదాన్నే అన్న.

‘ఒక్కదానివే ఎన్నడన్న నాటేసినవా?’

గిలాసలు తియ్యబోయినదాన్ని మళ్ల కూసున్న.

మా దిక్కు చిన్న రైతులకు కూలోళ్లను పెట్టుకునే తాకత్ ఉండకపోతుండె. గందుకె బదులు పోతుంటిమి. ఇయ్యాల నీ మడిల నేను నాటేస్తె, రేపు నా మడిల నువ్వొచ్చి నాటెయ్యాలె. ఎవల మడి ఉంటె వాళ్లు ముందుగాల పోయి నిలబడాలె, వచ్చినోళ్లకు చాయ, ఉడకేసిన శనగల గుడాలు వాళ్లే తేవాలె. నేను, ఆపా కలిసి వాడకట్టోళ్లందరి మడులల్ల బదులు తిరిగినం. ఇగ ఆమె నా ఇంట్ల కూసోని, జిమ్ముకు గూడ అట్లనే బదులు పోదాం అన్నది. ఒక దినం నాది, ఒక దినం ఆమెది. నా దినం నా మోకాళ్లకు కావలసిన పని ఇద్దరం చెయ్యాలె, ఆమె దినం ఆమె బీపీకి కావలసిన నడక ఇద్దరం నడువాలె. నాకు నవ్వొచ్చింది. ఇది మడి గాదు ఆపా, ఒళ్లు అన్న. ఒళ్లయితె ఏంది, గడ్డి పెరుగుతలేదా అన్నది.

నవ్వినగని, ఆ ఒప్పందంతోని నా సాకులన్ని బందైనయి. ఎందుకంటె నా దినం నేను ఎగ్గొడితె నన్ను అడిగెటోళ్లు లేరు. ఆమె దినం ఎట్ల ఎగ్గొట్టాలె? గౌడవెల్లికెల్లి కొడుకు బైకు మీద ఎన్క కూసోని, గాలికి బుర్ఖా కొస పట్టుకొని, ఆమె వచ్చి దుకాణం ముంగట నిలబడి ఉంటది. బదులు తప్పినామె మొకం ఊర్ల ఎవలూ చూడకపోతుండె. ఆమెకు గూడ అంతే, నా దినం ఎగ్గొట్టనీకి ఆమెకు మనసు రాదు. గట్ల ఒకళ్ల కోసం ఒకళ్లం, ఇద్దరం దినాం జిమ్ముల ఉన్నం. మేడం పరేషాన్ అయింది, మీ ఇద్దరు ఆంటీల లెక్క ఎవలూ దినాం రారు, ఏం తింటున్నరు అని అడిగింది.

మొదటి దినం మేము చేసిన పనికి మమ్ములను ఎళ్లగొట్టనందుకు మేడంకు దండం పెట్టాలె. ఆపా బుర్ఖా ఇప్పి కొక్కానికి తగిలేసి, పంజాబీ డ్రెస్సు మీద చున్నీ నడుముకు బిగించి, బురదల దిగినట్టే పట్టా ఎక్కింది. పక్కపట్టా మీద నేను. జర సేపు ముంగటికి నడిచినం. ఇగ ఆపా, నడుము పట్టుకుంటాంది పోరీ, అటు తిరుగుదాం అన్నది. నాటేసెటోళ్లు ఎప్పుడు ఎన్కకే నడుస్తరు గద. ముంగట నాటిన మొక్కలుంటయి, కాళ్లు ఎన్కకు జరుగుతుండాలె. మా కాళ్లకు అదే అలవాటు. ఇద్దరం ఒక్కపారె ఎన్కకు తిరిగినం, జర వంగినం గూడ. నాలుగు అడుగులు మంచిగనే పడ్డయి. ఇగ ఆపా చున్నీ జారింది, అది పట్టుకోబోయి నా మీదికొచ్చింది, నేను కమ్మి పట్టుకొని వేలాడిన. మేడం ఉరికొచ్చి పట్టాలను ఆపే ఎర్రతాళ్లు గుంజింది. ఇద్దరం కింద కూలబడి నవ్వుతుంటె చెవుల పుల్లలోళ్లందరు పుల్లలు తీసి మా దిక్కు చూసిన్రు. అందరు పుల్లలు తీసుడు నేను అప్పుడే చూసిన.

గప్పటిసంది జిమ్ము నాకు జిమ్ము లెక్క ఉండలే. పైకెల్లి కమ్మి కిందికి గుంజే మిషన్‌కు ఆపా బాయిగిరక అని పేరు పెట్టింది. కాళ్లతోని బరువు తోసేదానికి బురదల దిగబడ్డ బండి. మేడం గూడ ఆఖరికి, ఆంటీ ఇయ్యాల మీకు గిరక అని చెప్పుడు షురూ చేసింది. ఎవల దినమైతె వాళ్లు తెచ్చిన గుడాలో, మొలకెత్తిన పెసర్లో, పని ఒడిసినంక మెట్ల మీద కూసోని తింటుంటిమి. మెల్లగ మిగిలినోళ్లు గూడ మా మెట్ల మీదికి రాబట్టిన్రు. బౌరంపేట దిక్కు పెద్ద గేటు లోపల ఉండే ఒకామె డబ్బల బాదంపప్పులు తెచ్చి, మా గుడాలు తిని, డబ్బ మర్చిపోయి పోయింది.

నిజం చెప్పాలంటె, నాకు చెమట మీద మనసున్నదని నాకే తెల్వకపోయె. పొలం పోయినంక ఎన్నేండ్లకో వీపు మీదికెల్లి ధార కట్టింది. ఆ తడుపు తోని గాలి తాకితె ఉండే సుఖం పొలంల ఉన్నప్పుడు సుఖమని ఎన్నడు అనుకోలే. రాత్రి పండుకుంటె నిద్ర వస్తాంది. తొడలు నొస్తయి, ఆ నొప్పి గూడ తీపిగనే ఉన్నది, ఇయ్యాల ఏదో పని చేసిన అని చెప్తున్నట్టు. కొన్ని నెలలకు పండుగనాడు కింద కూసోని తిని, గోడను అడగకుంట లేచిన. మా ఇంటాయన చెయ్యి అందియ్యబోయి ఆగిండు. ఇంకో రొట్టె ఏసుకున్నడు.

ఒక ఆదివారం మా బ్యాచంత ఆటోలల్ల శామీర్‌పేట చెరువు కట్టకు పోయినం, కట్ట పొడుగునా నడుద్దాం అని. వానలు పడి చెరువు నిండుగున్నది. కట్ట మీదికి ఎక్కంగనే ఆపా చెప్పులిప్పి చేతుల పట్టుకున్నది. అందరికంటె ముంగట నడిచింది. అటు కొసకు పోయినంక మక్కబుట్టలు కాల్పిచ్చుకొని నీళ్ల దిక్కు మొకం పెట్టి కూసున్నం. గింజలు ఒలుచుకుంట ఆపా, గీ పాటికి మన మడులు దున్నుడైతుండె గద అన్నది. ఔ అన్న. నాకు దుఃఖమొచ్చింది. పొలం పోయిందని గాదు, పొలాలు మస్తు మందికి పోయినయి. ఆమె పక్కన మోకాలు లోతు బురదల నిలబడి, సల్లగ ఏళ్ల సందులకెల్లి మట్టి పైకొస్తుంటె, నారు కట్ట కోసం చెయ్యి చాపే దినం ఇగ రాదని. జిమ్ముల మేము ఎతుకుతున్నది అదే అని నాకు ఆ కట్ట మీద తెలిసింది. దొరికింది గూడ కొంత.

ఆ చలికాలంల ఒక పొద్దుగాల నేను గుడాలు పట్టుకొని దుకాణం ముంగట నిలబడ్డ. ఆ దినం నాది. ఆమె రాలే. లోపలికి పోకుంట అక్కడనే నిలబడి, రానీ, ఇయ్యాల దీని సంగతి చెప్త అని తిట్టుకుంట ఉన్న. మేడం రెండుమాట్లు పిలిచింది. పని ఒడిసి అందరు దిగి పోతున్నప్పుడు ఆమె కొడుకు ఫోన్ చేసిండు. తెల్లారంగ అమ్మకు కుడిచెయ్యి, కాలు పడిపోయినయి, మాట తడబడుతాంది, దవాఖాన్ల చేర్పిచ్చినం అన్నడు. గుడాల డబ్బ ఇంకా నా చేతులనే ఉన్నది. తిట్టిన తిట్లన్ని మళ్ల నా మీదికే వచ్చినయి.

దవాఖానకు పోయిన. దూరంకెల్లి నన్ను చూసింది, చూసి మొకం అటు తిప్పుకున్నది. లోపలికి రానియ్యద్దని కొడుక్కు సైగ చేసింది. పాపం ఆ పిల్లగాడు నా ముంగట తల వంచుకొని నిలబడ్డడు. జర కోలుకున్నంక ఆమెను ఇంటికి తీసుకపోయిన్రు. ఫోన్ చేస్తె కోడలే ఎత్తుతది, అత్తమ్మ పండుకున్నది అంటది. పొద్దుగాల చేసినా పండుకున్నదే, పగటాల చేసినా పండుకున్నదే. నాకు ఎర్కైంది. బాయిగిరక గుంజేటప్పుడు నా కంటె ఎక్కువ బరువు పెట్టుకొని, చూడు పోరీ అని నవ్వినామె, పడిపోయిన చేతిని నాకు చూపెట్టదలుచుకోలే. మనసుకు ఎర్కైనా కోపం పోలే. నేను ఎవరిని, పరాయిదాన్నా?

జిమ్ముకు పోయిన, ఏం చెయ్యాలె. పోతె పక్కపట్టా ఖాళీ. మీట నొక్కి నడుస్తుంటె మళ్ల అదే ఏడికీ చేరని నడక. దిగి ఇంటికొచ్చిన.

అట్ల ఉండంగ ఒక దినం మెట్లెక్కెవరకు ఆమె కోడలు నిలబడి ఉన్నది. సన్నటి పిల్ల, నన్ను చిన్నమ్మ వరసల ఖాలా అంటది. చిన్న పోరగాన్ని పక్కింట్ల ఇడిచిపెట్టి వచ్చిందట. కాళ్లకు అత్త బూట్లు. పెద్దగున్నయి, ముంగట గుడ్డ కుక్కుకున్నది. అత్తమ్మ పంపింది ఖాలా, ఇయ్యాల మీ దినమట గద, తను రాలేకపోతాంది గందుకె నన్ను పొమ్మన్నది అన్నది.

మేడంకు సమజ్ కాలే. అది మా బదుల కట్టుబాటు. మనిషికి పానం బాగలేకపోతె ఇంట్ల నుంచి ఇంకొకళ్లను పంపాలె. బిడ్డనో, కోడలినో, ఎవలో ఒకళ్లు వచ్చి ఆ మునుం పట్టాలె. మునుం అంటె ఒక్కొక్కామె నాటుకుంట పోయే పట్టె. ఎవల మునుం ఖాళీ ఉండద్దు. ఇన్నంక మేడం నెత్తి పట్టుకొని నవ్వింది, ఒకళ్ల చెమట ఇంకొకళ్ల ఒంటికి పనికొస్తదా ఆంటీ అని. నేను గూడ నవ్విన. ఆ పిల్ల నవ్వలే. నా పక్కపట్టా ఎక్కి, కమ్మి గట్టిగ పట్టుకొని, నేను దిగేదాంక నడిచింది. తన అత్తకు ఏదో మాటిచ్చి వచ్చినట్టు నడిచింది.

మళ్ల వచ్చింది, మళ్ల వచ్చింది. నాకు ఆమె వచ్చుడు మంచిగనే అనిపియ్యబట్టింది. మెట్ల మీద గుడాలు తినుకుంట ఒకనాడు, ఎన్ని దినాలు రమ్మన్నది మీ అత్త అని ఉత్తగనే అడిగిన. ఆ పిల్ల నోట్ల ముద్ద మింగి, చెప్పాల్నా వద్దా అని నా దిక్కు చూసింది. తను పడిపోయినంక తప్పిన మీ దినాలన్ని ఒడిసేదాంక అన్నది. ఒడిసినంక, ఖాలాకు నాకు నడుమ ఇగ బదులేం లేదని చెప్పి రా అన్నదట.

పొలం అమ్ముకున్నోళ్లు చేసే పని అది. ఇగ ఎవుసం చెయ్యం అనుకున్నోళ్లు, ఎవలకు ఎంత పని చెయ్యాల్నో అంత చేసి, లేకుంటె మనుషులను పంపి తీర్చి, గెట్టు దాటి పోతరు. మళ్ల ఆ మడిల అడుగు పెట్టరు. ఆపా తన ఒళ్లును అమ్మిన మడి లెక్క ఇడిచిపెట్టింది. నాతోని లెక్క తెంపుకొని మొకం గోడకు తిప్పుకొని పండుకుంటదట. నాకు ఏడుపు రావాల్సిన తాన కోపమొచ్చింది. నా కోపం గట్లనే వస్తది, తప్పు తాన.

‘ఇంటికి పో బిడ్డా. రేపటిసంది రాకు. కోడలిని పంపితె తీరే బదులు గాదిది, తనే రావాలె అని నేనన్ననని మీ అత్తకు చెప్పు.’

ఆ పిల్ల మొకం చిన్నబోయింది. అత్త బూట్లు టక్కుటక్కుమంటుంటె మెట్లు దిగిపోయింది. గా సప్పుడు ఇంటికొచ్చినా నా చెవులల్ల ఉన్నది. కని నేనన్న మాట మాత్రం ఎన్కకు తీసుకోలే. ఆ లెక్క తెగుడు నాకు ఇష్టం లేదు. తెగకుంట ఉండాలంటె ఒక దిక్కన్న పట్టుకొని ఉండాలె గద.

గందుకె నేను జిమ్ము బంద్ చెయ్యలే. అప్పటిసంది ఎగ్గొట్టింది లేదు. మా ఇంటాయన గూడ ఎత్తిపొడుసుడు మానేసిండు. నా దినం నేను గుడాలు పట్టుకపోయిన, ఆమె దినం ఆమె బీపీకి కావలసిన నడక నడిచిన. సంతోషమున్నదా అంటె, ఒంటికి ఉన్నది, నాకు లేదు. చెమట పడుతది, పానం తేలికైతది, ఆ తేలికదనం చెప్పుకోనీకి పక్కకు తిరుగుత, పక్కన వేరే ఎవలో ఉంటరు. వాళ్లు మంచోళ్లే. కింద రోడ్డు మీద బైకు ఆగిన సప్పుడైతె చాలు, మీట తగ్గిచ్చి మెట్ల దిక్కు చూసేదాన్ని. బైకులు మస్తు ఆగుతయి ఆ దుకాణం కాడ. ఇనుప సామాన్లకు వచ్చెటోళ్లవి.

ఎండలు ముదిరినంక కోడలు ఫోన్ చేసింది. మెల్లగ మాట్లాడుతాంది, అత్తకు ఇనపడద్దని. చేతికి కసరత్తు చేపిచ్చెటాయన వస్తుండట, అత్తమ్మ చెయ్యి లేపదట. గాయన గుంజి లేపితె గుంజినంతసేపె, ఇడిస్తె కింద పడేస్తదట. ఇప్పుడు లేపకుంటె గట్లనే బిగుసుకపోతది, ఇగ ఎన్నటికి లేవదు అని చెప్పి పోయిండట. కొడుకు చెప్తె ఇనలే, బతిమాలితె ఇనలే. అత్తమ్మ మిమ్ములను రావద్దన్నదని తెలుసు ఖాలా, అయినా మీరు రాండ్రి అని ఆ పిల్ల ఏడ్చింది. నా నోటికి భయపడి పోయిన పిల్లనే, మళ్ల నన్నే పిలిచింది.

తెల్లారి జిమ్ము యాళ్లకు, జిమ్ము బట్టలు, బూట్లు ఏసుకొని ఆటో ఎక్కిన. గౌడవెల్లికి పోయే తొవ్వల మా మడి ఉన్న దిక్కు నేను చూడ, ఆ దినం గూడ చూడలే. వాళ్ల ఇంట్ల మంచం ఆకిలి దిక్కు కాకుంట గోడ దిక్కు ఏసి ఉన్నది. ఆపా దిండుకు ఒరిగి కూసోని ఉన్నది. చిక్కింది. మూతి జరంత ఒంకరైంది, జరంతనే. నన్ను చూడంగనే మంచి చేత్తోని కొంగు మొకం మీదికి గుంజుకున్నది. కుడిచెయ్యి ఒళ్లె పడి ఉన్నది, ఎవలో పెట్టి మర్చిపోయిన వస్తువు లెక్క.

ఎదురుంగ ఇస్టూలు ఏసుకొని కూసున్న. ఏం మాట్లాడాల్నో తెల్వక జిమ్ము ముచ్చట్లన్ని చెప్పిన. గిరక తాడు తెగిందని, బాదంపప్పులామె గూడ ఇప్పుడు గుడాలు తెస్తాందని. కొంగు కదులలే. ఇగ మెల్లగ, ఇయ్యాల నీ దినం ఆపా, చెయ్యి లేపుదాం అన్న. కదులలే. నేనే చెయ్యి పట్టుకోబోయిన, మంచి చేత్తోని నా చెయ్యి నూకేసింది. ఇగ నాకు ఆగలే. నన్ను పోరీ అని మోకాలు లోతు బురదల దింపినదానివి, నీకు ఒక్క చెయ్యి లేపుటందుకు గింత సిగ్గా, నా ముంగట సిగ్గా, లెక్క తెంపుకుంటవా, ఎట్ల తెంపుకుంటవో చూస్త అని నోటికొచ్చినట్టు అరిచిన. కోడలు అర్రల నుంచి ఉరికొచ్చి తలుపు కాడ ఆగిపోయింది. కొంగు ఎన్క ఆపా ఏడుస్తున్న సప్పుడు ఇనొచ్చింది. ఇగ పోదాం, తప్పు చేసిన అని లేస్తున్న.

అప్పుడు ఆమె మాట్లాడింది. మాట మెత్తగ, జారుకుంట వచ్చింది, కని నాకు ప్రతి అచ్చరం సమజైంది.

‘ఎదురుంగ కూసోకు పోరీ. పక్కకు రా.’

అంతసేపు నాకెందుకు తట్టలే? దవాఖాన్ల డాక్టర్లు, కసరత్తాయన, కొడుకు, కోడలు, ఆఖరికి నేను, అందరం ఆమెకు ఎదురుంగ నిలబడి, లేపు, లేపు అని ఆ చెయ్యి దిక్కే చూసినం. మునుంల ఉన్నోళ్లు ఒకళ్ల దిక్కు ఒకళ్లు చూసుకోరు. భుజానికి భుజం ఉంటది, చూపు బురద మీద ఉంటది. ఎవల చెయ్యి జల్దీ నడుస్తాంది, ఎవలది ఆగుతాంది అని ఎవలూ చూడరు. పక్కన మనిషి ఉన్నదని ఒంటికి తెలిస్తె చాలు.

ఇస్టూలు మీదికెల్లి లేచి మంచం మీద ఆమెకు కుడిపక్కన కూసున్న. ఇద్దరి మొకాలు గోడ దిక్కు. ఆ గోడకు ఏం లేదు, సున్నం తప్ప. నా భుజం ఆమె భుజానికి తాకింది, సన్నబడ్డది, అయినా ఆ ఎచ్చదనం నాకు తెలిసినదే. నా చెయ్యి నేను మెల్లగ ముంగటికి చాపి, నారు కట్ట కోసం చాపినట్టు చాపి, పైకి లేపిన. కొంగు జారిన సప్పుడైంది. ఆమె ఊపిరి గట్టిగ తీసుకున్నది, పండ్లు బిగపట్టింది. నాకు ఆనుకున్న భుజం వణికింది, గాజులు ఒకటికొకటి తాకినయి. తలుపు కాడ కోడలు యా అల్లా అని నోరు మూసుకున్నది. ఆమె చెయ్యి ఎంత ఎత్తుకు లేచిందో నాకు తెల్వదు. నేను గోడ దిక్కే చూసిన.